కారు ప్రమాదం తరువాత బీమా కంపెనీతో వ్యవహారం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ విడత జవాబులన్నీ ఒకే విషయానికి కేటాయించాము. కారు ప్రమాదం జరిగిన తరువాత బీమా కంపెనీతో ఎలా వ్యవహరించాలని అడుగుతూ వచ్చిన ఉత్తరాల్లో ఒకదానితో ఒకటి పోలినవాటిని కలిపి ఏడు ప్రశ్నలుగా కుదించాము. మోటారు బీమా చట్టాలు దేశానికొక తీరుగా, పాలసీ షరతులు కంపెనీకొక తీరుగా ఉంటాయి కనుక ఇక్కడ చెప్పినవి చాలాచోట్ల వర్తించే సూత్రాలు మాత్రమే. మీ విషయంలో ముందుగా చూడవలసింది మీ పాలసీ పత్రాన్నే. దాన్ని పక్కన పెట్టుకుని ఈ జవాబులు చదివితే ఎక్కువ ఉపయోగం ఉంటుంది.

ప్రశ్న: కూడలిలో మా కారును మరో కారు పక్క నుంచి ఢీకొట్టింది. మరునాడే ఆ కారు బీమా కంపెనీ నుంచి ఒకరు ఫోన్ చేసి, ఎంతో మర్యాదగా, "జరిగింది రెండు మాటల్లో చెప్పండి, రికార్డు చేసుకుంటాము, వ్యవహారం త్వరగా తేలిపోతుంది" అన్నారు. మా కంపెనీ వారు కూడా వివరాలు అడుగుతున్నారు. ఎవరికి ఏమి చెప్పాలి?

జవాబు: ఈ రెండు ఫోన్లూ ఒకేలా వినిపిస్తాయి గాని, వాటి వెనుక ఉన్న సంబంధాలు పూర్తిగా వేరు. మీ కంపెనీకీ మీకూ మధ్య ఒప్పందం ఉంది. మీరు ప్రీమియం కట్టారు, వారు నష్టం భరిస్తామని మాట ఇచ్చారు. ఆ ఒప్పందం ప్రకారం ప్రమాదం సంగతి ఆలస్యం చేయకుండా తెలియజేయడం, విచారణకు సహకరించడం, అడిగిన కాగితాలు సమర్పించడం మీ విధులు. వాటిలో అలసత్వం చూపితే న్యాయమైన క్లెయిమ్‌ను కూడా కొర్రీలు వేసి ఆపడానికి మీరే అవకాశం ఇచ్చినట్లవుతుంది. అవతలి కంపెనీకి మీతో ఏ ఒప్పందమూ లేదు. దాని బాధ్యత తన పాలసీదారు పట్ల మాత్రమే. మీకు చెల్లించవలసింది ఎంత తగ్గితే దానికి అంత మిగులు. ఫోన్ చేసిన ఉద్యోగి చెడ్డవారని దీని అర్థం కాదు, ఆయన తన పని తాను చేస్తున్నారు. మాకు వచ్చే ఉత్తరాలను బట్టి చూస్తే, ఈ వ్యవహారాల్లో నష్టపోయేవారిలో చాలామంది ఎవరి చేతిలోనూ మోసపోయినవారు కారు; తాము మాట్లాడుతున్నది ఏ కంపెనీ మనిషితోనో గమనించకుండా అందరితోనూ ఒకేలా మాట్లాడినవారే.

అవతలి కంపెనీకి మీ పేరు, వాహనం నంబరు, ప్రమాదం జరిగిన తేదీ, చోటు, మీ బీమా కంపెనీ పేరు చెబితే సాధారణంగా సరిపోతుంది. వాంగ్మూలం రికార్డు చేసుకుంటామంటే, ప్రశ్నలు రాతపూర్వకంగా పంపితే రాతపూర్వకంగానే సమాధానమిస్తానని మర్యాదగా చెప్పవచ్చు. గాయాలు ఉన్నప్పుడు, లేదా తప్పెవరిదన్న దానిపై వివాదం ఉన్నప్పుడు, న్యాయవాదిని గాని మీ కంపెనీని గాని అడగకుండా ఆ ప్రశ్నలకు సమాధానం ఇవ్వకపోవడమే మంచిది.

మీ సొంత కంపెనీకి మాత్రం ఉన్నది ఉన్నట్లు చెప్పాలి. అయితే చూసిన దానికీ ఊహించిన దానికీ మధ్య గీత చెరిగిపోకూడదు. ఎంత వేగంతో వెళ్తున్నారని అడిగితే మొహమాటానికి "బహుశా అరవై ఉంటుందేమో" అంటారు. ఫైలులోకి ఎక్కేటప్పటికి ఆ "బహుశా" ఎగిరిపోయి అరవై మాత్రమే మిగులుతుంది. ఇప్పటి కార్లలో చాలావాటికి ఈవెంట్ డేటా రికార్డర్ అనే పరికరం ఉంటుంది. ఢీకొనడానికి ముందు కొన్ని సెకన్లపాటు వాహనం వేగం, బ్రేకు నొక్కారా లేదా వంటి వివరాలను అది భద్రపరుస్తుంది. యూరోపియన్ యూనియన్‌లో 2024 జులై నుంచి కొత్తగా రిజిస్టరయ్యే కార్లన్నింటికీ దీన్ని తప్పనిసరి చేశారు. మీరు అంచనాగా చెప్పిన అంకెకూ పరికరం చూపించే అంకెకూ పొంతన కుదరకపోతే, తప్పు మీది కాకపోయినా మీ మాట మీద నమ్మకం సన్నగిల్లుతుంది. తెలియని దానికి "తెలియదు" అనడం పూర్తి సమాధానమే.

"నాకేమీ కాలేదు, బాగానే ఉన్నాను" అనే మాట కూడా అలాంటిదే. ఢీకొన్న కుదుపుకు మెడ కండరాలకు కలిగే బాధ చాలామందిలో కొన్ని గంటల తరువాత, ఒక్కోసారి ఒకటి రెండు రోజుల తరువాత బయటపడుతుంది. తలకు తగిలిన దెబ్బల లక్షణాలూ ఆలస్యంగా కనిపించవచ్చు. "వైద్యుడికి చూపించుకుంటున్నాను, ఆయన చెప్పాక తెలియజేస్తాను" అంటే అబద్ధమూ కాదు, తొందరపాటూ కాదు. ప్రమాద స్థలంలో "తప్పు నాదే" అనడం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. కంపెనీ అనుమతి లేకుండా బాధ్యత ఒప్పుకోకూడదని, పరిహారం ఇస్తానని మాట ఇవ్వకూడదని చాలా పాలసీల్లో స్పష్టమైన షరతు ఉంటుంది. దెబ్బ తగిలిన మనిషిని పలకరించి బాధపడటం మానవధర్మం, దాన్ని ఎవరూ కాదనరు. బ్రిటన్‌లో 2006లో వచ్చిన ఒక చట్టం క్షమాపణ చెప్పినంత మాత్రాన నిర్లక్ష్యాన్ని ఒప్పుకున్నట్లు కాదని తేల్చింది కూడా. ఆ రక్షణ అన్ని దేశాల్లోనూ లేదు కనుక, పలకరింపు దగ్గరే ఆగడం మంచిది.

ఇక మీదట జరిగే ప్రతి సంభాషణకూ తేదీ, సమయం, మాట్లాడినవారి పేరు రాసి పెట్టుకోండి. ఫోన్‌లో ఏదైనా ఒప్పుకుంటే అదే రోజు ఈమెయిల్ పంపి, "ఇవాళ మనం మాట్లాడుకున్నది ఇది" అని నాలుగు వాక్యాల్లో ఖాయపరచండి. క్లెయిమ్ ఫైలు ఒకరి నుంచి మరొకరికి మారుతూ ఉంటుంది. కొత్తగా వచ్చిన అధికారికి మీ గొంతు గుర్తుండదు, ఆ ఈమెయిల్ మాత్రం కనిపిస్తుంది.

ప్రశ్న: గ్యారేజి వారు ఇచ్చిన ఎస్టిమేట్‌కూ నష్టం అంచనా వేయడానికి బీమా కంపెనీ పంపిన సర్వేయర్ ఖరారు చేసిన మొత్తానికీ చాలా తేడా ఉంది. సర్వేయర్ కంపెనీ పక్షం వహించాడని గ్యారేజి యజమాని అంటున్నారు. దీనిని ఎలా ఎదుర్కోవాలి?

జవాబు: పక్షపాతం సంగతి తరువాత చూద్దాము. ముందు ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో విడదీసి చూడాలి, ఎందుకంటే దానిలో కొంత భాగం మీ పాలసీలోనే రాసి ఉంటుంది, దాని మీద ఎంత వాదించినా ప్రయోజనం ఉండదు.

ఒక ఉదాహరణ తీసుకుందాము. మొత్తం బిల్లు 100 అనుకోండి. అందులో కూలీ 30, లోహపు భాగాలు 40, ప్లాస్టిక్, రబ్బరు భాగాలు 30. కారు కొంతకాలం వాడినది కనుక పాత భాగం స్థానంలో కొత్తది వేస్తే మీకు కొంత అదనపు లాభం కలిగినట్లని, ఆ మేరకు తరుగుదల మినహాయించాలని పాలసీ చెబుతుంది. లోహపు భాగాల మీద 10 శాతం, ప్లాస్టిక్ మీద 50 శాతం తరుగుదల ఉందనుకుంటే 40లో 36, 30లో 15 మిగులుతాయి. కూలీ 30 కలిపితే 81. ఎక్సెస్ అనే పేరుతో ప్రతి క్లెయిమ్‌లోనూ మీరు భరించవలసిన వాటా 5 ఉంటే, చేతికి వచ్చేది 76. ఇందులో ఎవరి అన్యాయమూ లేదు. తరుగుదల మినహాయించకూడదనే అదనపు కవర్ మీరు తీసుకుని ఉంటే మాత్రం 95 రావాలి, అప్పుడు 76 ఇస్తామంటే నిలదీయవలసిందే. కనుక పాలసీ షెడ్యూలు తీసి ఏ ఏ అదనపు కవర్లు ఉన్నాయో ముందు చూడండి.

ఈ లెక్కకు లొంగని తేడా ఏదైనా మిగిలితే అది సాధారణంగా మూడు చోట్ల ఉంటుంది: మార్చాలని గ్యారేజి అన్న భాగాన్ని సరిచేస్తే చాలని సర్వేయర్ అనడం, కారు తయారీ సంస్థ భాగాలకు బదులు వేరే తయారీదారుల భాగాల ధర వేయడం, ఫలానా దెబ్బ పాతదని కొట్టివేయడం. ఈ మూడింటిలో మీ కోపం కన్నా గ్యారేజి వారు రాసిచ్చే సాంకేతిక కారణం ఎక్కువ పనిచేస్తుంది. "ఈ భాగాన్ని వంచి సరిచేస్తే ఢీకొన్నప్పుడు అది దెబ్బను తట్టుకోవలసిన తీరులో తట్టుకోదు, తయారీదారు సూచనల ప్రకారం మార్చవలసిందే" అని ఒక పేరా రాసి, ఫోటోలు జతచేసి, సర్వేయర్‌ను మళ్లీ పరిశీలించమని అడగండి. దెబ్బ పాతదని వారంటే, ప్రమాదానికి ముందు తీసిన ఫోటో గాని, సర్వీసింగ్ సమయంలో గ్యారేజి వారు వాహనం స్థితి నమోదు చేసిన కాగితం గాని ఉందేమో వెతకండి.

రెండు జాగ్రత్తలు మాత్రం మరువకూడదు. సర్వేయర్ చూడకముందే మరమ్మతు మొదలుపెట్టనివ్వకూడదు. చూసిన తరువాత కూడా విప్పి తీసిన పాత భాగాలను క్లెయిమ్ ముగిసేవరకు గ్యారేజిలోనే ఉంచమనాలి. బయటికి కనిపించే దెబ్బను బట్టి వేసిన తొలి ఎస్టిమేట్, బంపర్ విప్పాక రేడియేటర్, సెన్సర్లు, ఛాసిస్ సంగతి తెలిశాక పెరగడం మామూలే. అప్పుడు పని ఆపి, అనుబంధ ఎస్టిమేట్ పంపి, సర్వేయర్ మళ్లీ చూశాకే కొనసాగించాలి. పని పూర్తయ్యాక "లోపల ఇదీ విరిగింది" అంటే రుజువు చేయడం కష్టం. గ్యారేజి యజమాని మాటకు వస్తే, ఆయన బిల్లు ఎంత పెద్దదైతే ఆయనకు అంత ఆదాయం కనుక, ఆయన అభిప్రాయాన్ని కూడా కొంత తగ్గించుకునే వినాలి.

ప్రశ్న: రోడ్డు మధ్యలోని రాయికి కారు అడుగుభాగం తగిలింది. ఆయిల్ కారుతున్నా ఇల్లు దగ్గరే కదా అని నడుపుకుంటూ వచ్చాను; దారిలో ఇంజన్ పట్టేసింది. రాయి తగిలిన దెబ్బకు ఇస్తామని, ఇంజన్‌కు ఇవ్వమని అంటున్నారు. ఇది న్యాయమేనా?

జవాబు: మీకు నచ్చకపోవచ్చు గాని, చాలా పాలసీల ప్రకారం కంపెనీ వాదనకే బలం ఎక్కువ. బీమా చెల్లించేది ప్రమాదం నేరుగా కలిగించిన నష్టానికి. జరిగిన నష్టం మరింత పెరగకుండా తగిన జాగ్రత్త తీసుకోవడం పాలసీదారు విధి అని షరతుల్లో ఉంటుంది. హెచ్చరిక దీపం వెలిగిన తరువాత కూడా నడిపితే ఇంజన్ నష్టానికి రాయి కారణం కాదు, నడపడమే కారణమని వారంటారు. నీళ్లలో మునిగిన కారును మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు ఇంజన్ పాడైతే తలెత్తే వివాదమూ ఇదే. ఇంజన్‌కు ప్రత్యేకంగా అదనపు కవర్ ఉందేమో చూసుకోండి. అది లేకపోతే, దీపం వెలగలేదనో, ఆగడానికి సురక్షితమైన చోటు లేదనో చూపగలిగితే తప్ప ఈ వివాదం మీద సమయం వెచ్చించమని మేము చెప్పలేము.

ప్రశ్న: మరమ్మతు ఖర్చు కారు విలువను మించిపోతుందని, టోటల్ లాస్‌గా తేల్చామని కంపెనీ తెలిపింది. ఇస్తామన్న మొత్తంతో ఇలాంటి కారు మరొకటి కొనలేము. పైగా బ్యాంకు అప్పు ఇంకా తీరలేదు. ఏమి చేయవచ్చు?

జవాబు: టోటల్ లాస్ అంటే కారు నుజ్జునుజ్జు కావడం కాదు, దాన్ని బాగుచేయడానికయ్యే ఖర్చు బీమా విలువలో పాలసీ గాని చట్టం గాని నిర్ణయించిన శాతాన్ని మించడం. కాబట్టి మొదట అడగవలసినది రెండు కాగితాలు: మరమ్మతు ఖర్చును వారు లెక్కించిన వివరపత్రం, కారు విలువను వారు నిర్ణయించిన పద్ధతి. ఈ రెండింటిలో ఏది మారినా ఫలితం మారుతుంది.

కారు విలువ విషయంలో పాలసీలు రెండు రకాలు. కొన్నింటిలో పాలసీ తీసుకున్నప్పుడే విలువ రాసి పెడతారు. అప్పుడు వాదనకు చోటు తక్కువ, ప్రీమియం తగ్గుతుందని విలువ తక్కువ వేయించుకున్నవారికి ఆ సంగతి తెలిసివచ్చేది ఇక్కడే. మరికొన్నింటిలో ప్రమాదానికి ముందు క్షణంలో ఆ కారుకు మార్కెట్లో ఎంత పలికేదో అంత ఇస్తారు. ఈ రెండో రకంలో మీకు వాదించే వీలుంది. అదే మోడల్, అదే సంవత్సరం, దాదాపు అన్నే కిలోమీటర్లు తిరిగిన కార్లను అమ్మకందారులు ఎంతకు అమ్ముతున్నారో ఐదారు ప్రకటనలు సేకరించండి. సర్వీసింగ్ రికార్డు, ఈమధ్యే మార్చిన టైర్లు, బ్యాటరీ బిల్లులు జతచేయండి. కంపెనీ తన లెక్కలో పోల్చిన కార్ల వివరాలు అడిగి తీసుకుంటే, వాటిలో తక్కువ స్థాయి వేరియంటో, ఎక్కువ కిలోమీటర్లు తిరిగిన కారో కనిపించడం అరుదేమీ కాదు. తొలి ప్రతిపాదన అంటేనే అది తొలి ప్రతిపాదన. ఆధారాలతో రాసిన ఒక ఉత్తరానికి అది కదిలే అవకాశం ఉంది.

అయితే ఎంత వాదించినా కొత్త కారు ధర రాదు. నష్టం భర్తీ చేయడమే తప్ప లాభం చేకూర్చకూడదన్నది బీమాకు పునాది. ఇంగ్లండులో 1883లో కాస్టలెన్, ప్రెస్టన్ అనేవారి వ్యాజ్యంలో అప్పీలు న్యాయస్థానం ఈ సూత్రాన్ని గట్టిగా స్థిరపరిచింది. ఆ కేసులో, అమ్మకానికి ఒప్పందమైన ఒక ఇల్లు అగ్నిప్రమాదానికి గురైంది. యజమాని బీమా సొమ్ము తీసుకుని, తరువాత కొన్నవారి నుంచి పూర్తి ధర కూడా పుచ్చుకున్నాడు. ఒకే నష్టానికి రెండుసార్లు పుచ్చుకోవడం చెల్లదని, కంపెనీకి దాని సొమ్ము తిరిగి ఇవ్వాలని తీర్పు వచ్చింది. కార్ల క్లెయిమ్‌లలో కనిపించే ఎన్నో మినహాయింపుల వెనుక ఉన్న తర్కం ఇదే.

అప్పు సంగతి మరింత జాగ్రత్తగా చూడాలి. అప్పు ఉన్న కారుకు వచ్చే టోటల్ లాస్ సొమ్ము ముందు అప్పిచ్చిన సంస్థకు వెళ్తుంది, మిగిలితేనే మీకు. అప్పు కన్నా సొమ్ము తక్కువైతే ఆ తేడా మీరే కట్టాలి, ఆ తేడాకు ప్రత్యేక కవర్ ఉంటే తప్ప. క్లెయిమ్ తేలేవరకు వాయిదాలు మానకండి. కారు లేకపోయినా అప్పు ఉంటుంది, మానేస్తే జరిమానాలు, రుణచరిత్రపై మచ్చ మీకే. మిగిలిన తుక్కును మీరే ఉంచుకుంటే దాని విలువ మినహాయించి ఇస్తారు. కంపెనీ ద్వారా అమ్మితే యాజమాన్యం కొన్నవారి పేరుకు మారినట్లు, లేదా రిజిస్ట్రేషన్ రద్దయినట్లు రుజువు తప్పక తీసుకోండి. ఆ పని జరగకపోతే రేపు ఆ కారును ఎవరో బాగుచేసుకుని నడిపి ఎవరినైనా ఢీకొడితే, రికార్డుల్లో యజమాని పేరు మీదే ఉంటుంది.

ప్రశ్న: ప్రమాదంలో మా తమ్ముడికి కాలు విరిగింది. మూడు వారాలు తిరక్కుండానే అవతలి కంపెనీ వారు ఇంటికి వచ్చి మంచి మొత్తమే ఇస్తామని, ఒక కాగితం మీద సంతకం పెట్టమని అడుగుతున్నారు. కోర్టుల చుట్టూ తిరిగేకన్నా ఇదే నయమని పెద్దలు అంటున్నారు. మీ సలహా ఏమిటి?

జవాబు: ఆ కాగితంలో "ఈ ప్రమాదానికి సంబంధించి ఇప్పటివి, ఇక ముందు తలెత్తేవి అయిన హక్కులన్నీ వదులుకుంటున్నాను" అనే అర్థం వచ్చే వాక్యం ఉందో లేదో చూడండి. ఉంటే, ఇప్పుడు సంతకం పెట్టవద్దు. పెద్దల మాటలో నిజం లేకపోలేదు. వ్యాజ్యం అంటే కాలం, ఖర్చు, విసుగు. కాని రాజీకి తగిన సమయం ఒకటి ఉంటుంది, అది గాయం ఒక స్థిమితానికి వచ్చి, ఇక ఇంతకన్నా మెరుగుపడేదీ చెడిపోయేదీ లేదని వైద్యుడు చెప్పగలిగిన తరువాతే. ఎముక అతకకపోతే మరో శస్త్రచికిత్స కావచ్చు. లోపల వేసిన ప్లేట్లు తీయించవలసి రావచ్చు. కాలు పొట్టిదైతే చేసే పని మారిపోవచ్చు. ఇవేవీ మూడో వారంలో ఎవరికీ తెలియవు. కంపెనీకీ తెలియదు, అందుకే తొందర. తెలియని భారాన్ని తెలిసిన మొత్తానికి వదిలించుకోవడం వారి దృష్టిలో మంచి వ్యాపారం. ఆ భారం అప్పటి నుంచి మీ తమ్ముడిది అవుతుంది.

ఈలోగా డబ్బు అవసరమైతే అడగడానికి దారులున్నాయి. వాహన మరమ్మతు నష్టాన్ని గాయాల పరిహారం నుంచి వేరుచేసి ముందుగా తీర్చమనవచ్చు, వైద్య ఖర్చులకు మధ్యంతర చెల్లింపు అడగవచ్చు, సొంత ఆరోగ్య బీమా ఉంటే చికిత్సకు దాన్ని వాడుకోవచ్చు. చెక్కు తీసుకోవడమే పూర్తి రాజీకి అంగీకరించినట్లని దానితో వచ్చిన ఉత్తరంలో రాసి ఉండవచ్చు. బ్యాంకులో వేయకముందే ఆ ఉత్తరం చదవండి. ఇప్పటి నుంచి ఆసుపత్రి బిల్లులు, మందుల రసీదులు, రాకపోకల ఖర్చులు, పోయిన జీతానికి యజమాని ఇచ్చిన ధ్రువపత్రం, కాలు కదలక ఇంట్లో మరొకరి సాయం అవసరమైన రోజుల వివరం అన్నీ ఒకచోట పెట్టండి. పరిహారం లెక్క కట్టేది వీటిని బట్టే.

ఇందులో మీ తమ్ముడి తప్పు కూడా కొంత ఉందని వారు అంటే కంగారు పడవద్దు. చాలా దేశాల్లో తప్పును శాతాల్లో పంచుతారు. నష్టం 100 అని తేలి, ఆయన వంతు తప్పు 20 శాతమని నిర్ధారిస్తే 80 వస్తుంది. కాని ఈ నియమం అన్నిచోట్లా లేదు: అమెరికాలో వర్జీనియా, మేరీలాండ్ వంటి కొన్ని రాష్ట్రాల్లో బాధితుడిది కొద్దిపాటి తప్పున్నా మొత్తం పరిహారం పోయే పాత పద్ధతి ఇంకా నడుస్తోంది. న్యూజిలాండ్ మరో దారి పట్టింది. అక్కడ 1974 నుంచి తప్పెవరిదన్న విచారణతో పని లేకుండా గాయపడినవారికి ప్రభుత్వ సంస్థే సాయం చేస్తుంది, బదులుగా గాయాల పరిహారం కోసం దావా వేసే హక్కును చాలావరకు తీసివేశారు. మీరున్న చోట నియమం ఏమిటో, దావా వేయడానికి గడువు ఎప్పటితో ముగుస్తుందో ఒక న్యాయవాదిని ఇప్పుడే అడగండి. రాజీ చర్చలు సాగుతున్నాయి కదా అని ఊరుకుంటే గడువు ఆగదు. చర్చలు నెలల తరబడి సాగి, గడువు దాటిన మరునాడు అవతలివారి గొంతు మారిపోయిన సందర్భాలు ఉన్నాయి.

దీనికి అనుబంధంగా, పాఠకులు ఎక్కువగా అడగనిదే అయినా ఒక సంగతి చెప్పాలి. ప్రమాదం జరిగిన చోటే అవతలి డ్రైవరుతో కొంత సొమ్ముకు మాట్లాడుకుని, "ఇక ఏమీ అడగను" అని రాసిచ్చి, తరువాత సొంత పాలసీ మీద క్లెయిమ్ వేసేవారు ఉన్నారు. మీకు చెల్లించిన సొమ్మును తప్పు చేసినవారి నుంచి మీ పేరున రాబట్టుకునే హక్కు మీ కంపెనీకి ఉంటుంది. మీరు రాసిచ్చిన కాగితంతో ఆ హక్కు పోతే, మీ క్లెయిమ్‌ను తగ్గించడానికో తిరస్కరించడానికో అదే కారణం కాగలదు. ముందు మీ కంపెనీకి చెప్పకుండా అవతలివారికి ఏ కాగితమూ రాసివ్వకండి.

ప్రశ్న: వెనుక నుంచి గుద్దిన వాహనం ఆగకుండా వెళ్లిపోయింది. నంబరు చూడలేదు. ఇక ఆశ వదులుకోవలసిందేనా?

జవాబు: మీది సమగ్ర పాలసీ అయితే సొంత వాహన నష్టానికి దాని మీదే క్లెయిమ్ చేయవచ్చు, గుద్దినవారు దొరకనవసరం లేదు. వెంటనే పోలీసులకు ఫిర్యాదు చేసి నకలు తీసుకోండి, దగ్గరలోని దుకాణాల, ఇళ్ల కెమెరాల దృశ్యాలు చెరిగిపోకముందే భద్రపరచమని అడగండి. మీ వల్ల ఇతరులకు కలిగే నష్టానికి మాత్రమే వర్తించే థర్డ్ పార్టీ పాలసీ అయితే మీ కారుకు దాని నుంచి ఏమీ రాదు. శరీర గాయాలైతే పరిస్థితి వేరు. గుర్తు తెలియని, లేదా బీమా లేని వాహనాల వల్ల గాయపడినవారికి పరిహారం ఇచ్చేందుకు చాలా దేశాల్లో ప్రత్యేక నిధులు ఉన్నాయి. బ్రిటన్‌లో బీమా కంపెనీలన్నీ కలిసి 1946లో మోటార్ ఇన్సూరర్స్ బ్యూరోను ఏర్పాటు చేసుకున్నది ఇందుకే. వీటికి దరఖాస్తు గడువులు కఠినంగా ఉంటాయి, పోలీసు ఫిర్యాదు తప్పనిసరి కావచ్చు.

ప్రశ్న: నా క్లెయిమ్‌ను తిరస్కరించారు. సొంత వాడకానికని పాలసీ తీసుకుని, అప్పుడప్పుడు డబ్బు తీసుకుని ప్రయాణికులను ఎక్కించుకున్నానని, ఆ విషయం దాచానని వారి ఆరోపణ. ప్రమాదం జరిగిన రోజున కారులో నా కుటుంబం మాత్రమే ఉంది. పై అధికారులకు వెళ్తే ఫలితం ఉంటుందా?

జవాబు: ఉండవచ్చు, కాని మీ వాదనను ఏ రేఖ మీద నిలబెడతారన్నదే ముఖ్యం. బీమాలో ఇరువైపులా నిజాయితీ ఉండాలన్న నియమానికి 1766లో ఇంగ్లండు న్యాయమూర్తి లార్డ్ మాన్స్‌ఫీల్డ్ ఇచ్చిన తీర్పును మూలంగా చెబుతారు. తిరస్కరణ లేఖల్లో కంపెనీలు ఆ నియమాన్ని ఎంతో ధైర్యంగా ఉదహరిస్తాయి గాని, ఆ కేసులో గెలిచింది బీమా ఇచ్చినవారి పక్షం కాదు, బీమా చేయించుకున్నవారి పక్షం అన్న సంగతి అంతగా గుర్తుచేసుకోరు. తాను తెలుసుకోగలిగిన విషయాన్ని అడగకుండా ప్రీమియం పుచ్చుకుని, నష్టం వచ్చాక దాచారని అనడం తగదన్నది ఆ తీర్పులోని సారం. బ్రిటన్‌లో 2012లో వచ్చిన చట్టం వ్యక్తిగత పాలసీదారుల విషయంలో దీన్ని మరింత ముందుకు తీసుకుపోయి, అడగని సంగతులను మీరే గుర్తుపెట్టుకుని చెప్పాలనే భారాన్ని తొలగించింది. అడిగినదానికి తగు జాగ్రత్తతో నిజం చెబితే చాలు.

కనుక మీరు నింపిన ప్రతిపాదన ఫారం నకలు తెప్పించుకోండి. వాహనాన్ని కిరాయికి తిప్పుతారా అన్న ప్రశ్న అందులో ఉందా, ఉంటే అప్పటికి మీరిచ్చిన జవాబు నిజమేనా? ఫారం నింపినప్పుడు కిరాయి ఆలోచన లేక, తరువాత మొదలుపెట్టి ఉంటే, వాడకం మారితే తెలియజేయాలన్న షరతు పాలసీలో ఉందేమో చూడాలి. ప్రమాద సమయంలో కిరాయి ప్రయాణం కాదన్నది మీకు అనుకూలమైన అంశమే; కిరాయి ప్రయాణంలో జరిగిన నష్టానికే మినహాయింపు వర్తిస్తుందని షరతులో ఉంటే మీ పక్షం గట్టిది. కాని ఫారంలో "లేదు" అని రాసిన నాటికే క్రమం తప్పక కిరాయికి తిప్పుతూ ఉంటే, మీ పక్షం బలహీనమనే చెప్పక తప్పదు. అప్పుడు కుటుంబం మాత్రమే ఉందన్న మాట మీద మొత్తం వాదనను నిలబెట్టలేరు. ఇంతలో ఒక్క కాగితం తారీఖు మార్చినా, ఒక్క బిల్లు పెంచినా ఉన్న అవకాశం కూడా పోతుంది. చాలాచోట్ల మోసపూరిత క్లెయిమ్‌లో నిజమైన భాగానికి కూడా చెల్లింపు ఆగిపోతుంది.

మెట్టు మెట్టుగా వెళ్లాలి. ఏ షరతు, ఏ వాక్యం, ఏ ఆధారం మీద తిరస్కరించారో లిఖితపూర్వకంగా అడగండి; ఫోన్‌లో చెప్పిన కారణం కారణమే కాదు. ఆ జవాబు మీద కంపెనీలోని ఫిర్యాదుల విభాగానికి ఒక పేజీకి మించకుండా అప్పీలు రాయండి, తేదీల క్రమంలో, విశేషణాలు లేకుండా. అక్కడ తేలకపోతే బీమా అంబుడ్స్‌మన్ గాని, అటువంటి ఉచిత పరిష్కార వ్యవస్థ గాని చాలా దేశాల్లో ఉంది. కంపెనీ తుది జవాబు వచ్చిన తేదీ నుంచే అక్కడికి వెళ్లే గడువు లెక్కించడం సాధారణం కనుక, ఆ లేఖ వచ్చిన కవరును కూడా దాచండి. వినియోగదారుల న్యాయస్థానమో, సివిల్ కోర్టో ఆ తరువాతి మెట్టు. ఒక చోట వేసిన ఫిర్యాదు మరో చోట వేసే హక్కును ఆపుతుందేమో మాత్రం ముందే కనుక్కోండి.